సభ నుంచి ఊరికి రాని ఉత్తరం

సోమవారం ఉదయం ఎనిమిది గంటలకు ఏ ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయం ముందు నిలబడి చూసినా దాదాపు ఇదే దృశ్యం. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలు. పాలిథిన్ కవర్లో ఆధార్ జిరాక్సు, పాసుపుస్తకం, మడతలు నలిగిన అర్జీ పట్టుకుని నలభై యాభై మంది. పింఛను ఆగిపోయిన ముసలమ్మ, సర్వే నంబరు తప్పుపడి రిజిస్ట్రేషన్ నిలిచిపోయిన రైతు, కొడుక్కి ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం కోసం సిఫార్సు లేఖ అడగడానికి వచ్చిన తండ్రి. పీఏ అర్జీలు అందుకుంటాడు. ఎమ్మెల్యే ఒకటి రెండింటికి అక్కడికక్కడే ఫోన్ చేస్తారు, మిగిలిన వాటి మీద రెండు ముక్కలు రాసి సంతకం పెడతారు. పది గంటలకల్లా కారు ఏదో శంకుస్థాపనకు బయల్దేరుతుంది. ఆ గుంపులో ఎవరి నోటా రాని మాట ఒకటుంది: ‘మొన్న అసెంబ్లీలో మన ఊరి సంగతి ఏమడిగారు సార్? మంత్రిగారు ఏం చెప్పారు?’

అడగకపోవడం వాళ్ల తప్పు కాదు. అలా అడగవచ్చని, అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఎదుటివారికి ఉందని వాళ్లకు చెప్పినవారు లేరు.

తెలుగు నేల మీద ప్రభుత్వాన్ని ప్రజల దగ్గరికి తీసుకెళ్లే కార్యక్రమాలకు కరువు లేదు. 1997లో జన్మభూమి మొదలైంది. తర్వాత రచ్చబండ. 2019లో స్పందన, 2022లో గడపగడపకు మన ప్రభుత్వం, 2023 చివర హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రజావాణి, 2025లో సుపరిపాలనలో తొలి అడుగు. పార్టీ మారినప్పుడల్లా పేరు మారింది, నమూనా మాత్రం మారలేదు. వీటిలో కొన్ని జనం దగ్గర అర్జీలు తీసుకుని పైకి పంపాయి. మరికొన్ని ప్రభుత్వం ఏ ఇంటికి ఏ పథకం ఇచ్చిందో చెప్పడానికి ఎమ్మెల్యేలను వీధుల్లోకి పంపాయి. రెండూ అవసరమే. కానీ రెండింటిలోనూ ఎమ్మెల్యే కనిపించేది ప్రభుత్వం తరఫు మనిషిగానే. శాసనసభ్యుడిగా ఆయన సొంత పని ఏమిటో, దాన్ని ఎంతవరకు చేశారో చెప్పే కాగితం మాత్రం ఏ గడపకూ చేరలేదు. అర్జీ పైకి వెళ్లడానికి పది దారులున్నాయి, లెక్క కిందికి రావడానికి ఒక్కటీ లేదు.

ఎన్నికలకు ముందు పరిస్థితి ఇంతకంటే చాలా మెరుగు. అభ్యర్థి ఆస్తులు, అప్పులు, చదువు, క్రిమినల్ కేసులు తెలుసుకోవడం ఓటరు హక్కని సుప్రీంకోర్టు 2002లో తీర్పిచ్చింది, 2003లో మళ్లీ గట్టిగా నిలబెట్టింది. ఈ రోజు ఏ నియోజకవర్గంలోనైనా అభ్యర్థి భార్య పేరున ఎన్ని తులాల బంగారం ఉందో ఇంటర్మీడియట్ పిల్లాడు కూడా ఫోన్లో చూసి చెప్పగలడు. అదే అభ్యర్థి గెలిచాక ఐదేళ్లలో ఎన్ని రోజులు సభకు వెళ్లారో, ఎన్ని ప్రశ్నలు వేశారో, ఏ బిల్లు మీద నోరు విప్పారో చెప్పమంటే జిల్లాలో కాకలు తీరిన విలేకరికి కూడా వారం పడుతుంది. పోటీకి దిగిన మనిషి గురించి తెలిసినంత, గెలిచి కూర్చున్న మనిషి గురించి తెలియకపోవడం మన ప్రజాస్వామ్యంలో పెద్ద లోటు. సరిదిద్దుకోగలిగిన లోటు కూడా.

చెప్పడానికి అసలు సభ ఎన్ని రోజులు జరుగుతోంది అన్నది మొదటి చిక్కు. జస్టిస్ వెంకటాచలయ్య నేతృత్వంలోని రాజ్యాంగ సమీక్షా కమిషన్ 2002లోనే ఒక సిఫార్సు చేసింది: 70 మంది కంటే తక్కువ సభ్యులున్న శాసనసభ ఏడాదికి కనీసం 50 రోజులు, అంతకంటే పెద్దవి కనీసం 90 రోజులు కూర్చోవాలి. 175 స్థానాల ఆంధ్రప్రదేశ్, 119 స్థానాల తెలంగాణ రెండూ పెద్ద సభల కిందికే వస్తాయి. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ 2021 లెక్కలు తీస్తే కేరళ సభ 61 రోజులు నడిచింది. ఆంధ్రప్రదేశ్ పది రోజులు కూడా దాటని రాష్ట్రాల జాబితాలో ఉంది. కోవిడ్ కాలం అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ కేరళలోనూ అదే కోవిడ్.

దీనికి బహిష్కరణలు తోడయ్యాయి. 2021 నవంబరులో అప్పటి ప్రతిపక్ష నేత ముఖ్యమంత్రిగానే సభలో మళ్లీ అడుగుపెడతానని చెప్పి బయటికొచ్చారు. 2024 ఎన్నికల్లో 11 స్థానాలకు పరిమితమైన పార్టీ ప్రతిపక్ష హోదా ఇవ్వలేదంటూ సభకు దూరం జరిగింది. ఎవరి కారణాలు వారికున్నాయి. ఆ 11 నియోజకవర్గాల ఓటర్లకు గానీ, అంతకుముందు ప్రతిపక్షాన్ని గెలిపించిన ఊళ్ల ఓటర్లకు గానీ తమ మనిషి సభలో ఎందుకు లేరో రాతపూర్వకంగా చెప్పిన కాగితం ఎప్పుడైనా అందిందా అన్నదే ఇక్కడి ప్రశ్న. అనుమతి లేకుండా 60 రోజులు సభకు రాకపోతే ఆ స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించే అధికారం రాజ్యాంగంలోని 190వ అధికరణం సభకు ఇచ్చింది. కానీ ఆ 60 రోజుల లెక్కలో సమావేశాలు ముగిసి సభ ప్రొరోగ్ అయిన కాలం, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం కలపకూడదు. ఏడాదికి ఇరవై ముప్పై రోజులు కూర్చునే సభలో ఆ అరవై ఎప్పటికి నిండాలి? చట్టం కాపలా కాయలేని చోట ఓటరే కాపలా కాయాలి. అందుకు ఓటరు చేతిలో సమాచారం ఉండాలి.

రెండో చిక్కు మూజువాణి ఓటు. బిల్లు సభ ముందుకు వస్తుంది, అనుకూలంగా ఉన్నవారు అవునంటారు, కాదనేవారు కాదంటారు, స్పీకర్ ఆమోదం పొందిందని ప్రకటిస్తారు. ఎవరు ఏమన్నారో పేరుపేరునా నమోదు కాదు. సభ్యులు డివిజన్ కోరితేనే ఓట్లు లెక్కపెడతారు, అలా కోరే సందర్భాలు అరుదు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం తర్వాత విప్‌కు ఎదురుతిరిగితే సభ్యత్వమే పోతుంది కాబట్టి, ఓటు ఎటు పడుతుందో ముందే తెలిసినట్టే. అలాంటప్పుడు ఎమ్మెల్యే చెప్పుకోవడానికి ఏం మిగిలిందని పార్టీల్లోనే కొందరు అంటుంటారు. మిగిలింది చాలానే ఉంది. ప్రశ్న వేయడానికి విప్ అడ్డురాదు. జీరో అవర్లో తన ఊరి చెరువు గురించి లేచి మాట్లాడటానికి, పద్దుల చర్చలో తన నియోజకవర్గానికి రావాల్సిన నిధి ఎందుకు రాలేదని నిలదీయడానికి, ప్రభుత్వ లెక్కల కమిటీలో కూర్చుని కాగ్ నివేదికను పేజీ పేజీ తిరగేయడానికి ఏ పార్టీ అనుమతీ అక్కర్లేదు. ఓటు మీద స్వేచ్ఛ తగ్గిపోయిన సభ్యుడిని కొలవడానికి ఈ పనులే అసలైన కొలబద్ద. జనానికి తెలియనివీ ఇవే.

సభలో చేసిన పనిని ఓటర్లకు చెప్పడం ఒక పద్ధతిలో జరిగే చోటు ఒకటి చూడాలి. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం. తెలుగు కుటుంబాలు గణనీయంగా స్థిరపడిన రాష్ట్రం అది. హైదరాబాద్‌లో పుట్టి ఏడేళ్ల వయసులో ఆ దేశం వెళ్లిన కాట్రగడ్డ అరుణ, అరుణా మిల్లర్‌గా అక్కడి దిగువ సభలో రెండు విడతలు పనిచేసి 2023 జనవరిలో లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఆ రాష్ట్ర శాసనసభ ఏటా జనవరి రెండో బుధవారం అన్నపొలిస్ నగరంలో మొదలై 90 రోజుల్లో ముగుస్తుంది. గడువు తేదీ అర్ధరాత్రి దాటితే తేలని బిల్లు ఆ ఏటికి చచ్చినట్టే. సభ ముగిశాక రెండు కాగితాలు బయటికొస్తాయి. ఒకటి, ఏ పార్టీకీ చెందని శాసనసభ సిబ్బంది తయారుచేసే ‘తొంభై రోజుల నివేదిక’. ఆ సమావేశాల్లో ఏ రంగంలో ఏ చట్టం వచ్చింది, ఏది ఆగిపోయింది, బడ్జెట్ ఎటు పోయింది అన్నీ అందులో ఉంటాయి. రెండోది, ప్రతినిధులు తమ జిల్లా ఓటర్లకు రాసే సమావేశాంత లేఖ. ఏ బిల్లు తాను పెట్టాను, ఏది గెలిచింది, ఏది ఓడింది, స్థానిక బడికీ రోడ్డుకీ ఎంత డబ్బొచ్చింది, సమస్య ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి అని చెప్పే లేఖ అది. పేరుపేరునా ఓట్ల నమోదు వెబ్‌సైట్‌లో ఉంటుంది కాబట్టి, లేఖలో రాసింది నిజమో కాదో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మేరీలాండ్‌లో ఒక్కో శాసన జిల్లాలో జనాభా లక్షా ముప్పై వేలకు అటూ ఇటూ. అంతమందికి ఒక సెనేటరు, ముగ్గురు ప్రతినిధులు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఓటర్లు నాలుగు కోట్ల పదమూడు లక్షల పైచిలుకు. అంటే పిల్లల్ని లెక్కలోకి తీసుకోకుండానే ఒక్కో ఎమ్మెల్యేకు సగటున రెండు లక్షల ముప్పై వేలకు పైగా ఓటర్లు. ఇంతమందిని ముఖాముఖి కలవడం ఐదేళ్లలో ఎవరి తరమూ కాదు. మన ఎమ్మెల్యే అక్కడి ప్రతినిధి కంటే ఎక్కువ రాయాలి, తక్కువ కాదు.

మనకు ఎమ్మెల్యే వార్తలు తక్కువేం కాదు. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు 1989 నుంచి జిల్లా అనుబంధాలు తెచ్చాక, మిగతా పత్రికలూ ఆ దారి పట్టాక, ఊరి బోరింగు బాగుచేసినా ఫొటోతో అచ్చయ్యే కాలం వచ్చింది. తెలుగు పత్రికారంగం చేసిన గొప్ప పని అది, మండల కేంద్రాన్ని వార్తల్లోకి తెచ్చింది. ఇప్పుడు ఫేస్‌బుక్ లైవ్‌లు, రీల్స్, వాట్సాప్ గ్రూపులు, కూడలి నిండా ఫ్లెక్సీలు. అయితే ఇవన్నీ ఎమ్మెల్యే ఎక్కడికి వెళ్లారో చెబుతాయి: పెళ్లికి, పరామర్శకు, రిబ్బను కత్తిరించడానికి. వెళ్లినచోట ఏం తేల్చారో చెప్పవు. సీసీ రోడ్డుకు కొబ్బరికాయ కొట్టిన ఫొటో ఆ రోజే వస్తుంది. ఆ రోడ్డు పూర్తయిందా, బిల్లు ఎంత, కాంట్రాక్టరు మధ్యలో ఎందుకు వదిలేశాడు అన్నది ఏ రీల్‌లోనూ రాదు.

లెక్కను ఊరి నడిబొడ్డున చదవడం తెలుగువాళ్లకు తెలియని విద్య కాదు. ఇంకా చెప్పాలంటే ప్రభుత్వమే పూనుకుని దాన్ని ఒక వ్యవస్థగా నిలబెట్టడంలో దేశానికి దారి చూపింది మనమే. ఉపాధి హామీ పనుల మీద 2006లో అనంతపురం జిల్లాలో సామాజిక తనిఖీ పెద్ద ఎత్తున జరిగింది. 2009లో ఇందుకోసమే ప్రత్యేక సంస్థ ఏర్పడింది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏకంగా ఒక చట్టం చేసింది. పద్ధతి చాలా సాదాసీదా. ఊళ్లోని చదువుకున్న కూలీల పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. ‘ఫలానా వారం నువ్వు ఆరు రోజులు పనిచేసినట్టు ఇక్కడ రాసుందమ్మా, నిజమేనా?’ అని అడుగుతారు. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటుంది. ‘ఆ వారం నేను మా పుట్టింట్లో ఉన్నాను గదా’ అంటుంది. ఆ మాట కాగితమెక్కుతుంది. నాలుగైదు రోజుల తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులు ఒక వరసలో, కూలీలు ఎదురుగా. మైకులో ఊరి పేరు, పని పేరు, మొత్తం చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు లేచి నిలబడి జవాబు చెప్పాలి. సంతకం రాని మనిషి, వేలిముద్ర మాత్రమే వేయగల మనిషి, అధికారి ముఖం మీదే ‘ఈ లెక్క తప్పు’ అని చెప్పిన ఘట్టాలు వందల ఊళ్లు చూశాయి.

మూడు నాలుగు వందల రూపాయల రోజు కూలీకి ఇంత తనిఖీ ఉన్నప్పుడు, లక్షల మంది తరఫున ఒక కుర్చీలో కూర్చున్న సభ్యుడి పనికి ఒక్క కాగితం ముక్క లేకపోవడం ఏ న్యాయం? లబ్ధిదారుల జాబితా గ్రామ సచివాలయం గోడకు అంటిస్తున్నాం. పేదవాడికి ఏం అందిందో ఊరంతా చూస్తోంది. ప్రతినిధి ఏం చేశారో కూడా అదే గోడ మీద ఉండాలి.

ఆ కాగితం ఎలా ఉండొచ్చు? పెద్ద పుస్తకం అక్కర్లేదు, రెండు వైపులా అచ్చేసిన ఒక్క షీటు చాలు. ఒక వైపు శాసనసభ సచివాలయం ఇచ్చే వివరాలు: సభ జరిగిన రోజులు, సభ్యుడు హాజరైన రోజులు, వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, మాట్లాడిన చర్చలు, ఉన్న కమిటీలు, నియోజకవర్గ అభివృద్ధి నిధి నుంచి ఏ పనికి ఎంత. విశేషణాలు లేని వట్టి అంకెలు. రెండో వైపు సభ్యుడి సొంత మాట. ఒక ఊహా ఉత్తరం తీసుకుంటే అది ఇలా నడవొచ్చు: ‘మన ఏరియా ఆసుపత్రిలో మత్తు డాక్టరు పోస్టు ఖాళీగా ఉండటంతో కాన్పు కేసుల్ని జిల్లా ఆసుపత్రికి పంపుతున్నారని ప్రశ్న వేశాను. నియామక ప్రక్రియ నడుస్తోందని మంత్రిగారు జవాబిచ్చారు. గడువు చెప్పలేదు. ఈ జవాబు నాకు సరిపోలేదు, వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతాను. చివరి ఆయకట్టుకు నీళ్ల గురించి మాట్లాడే అవకాశం ఈసారి దొరకలేదు. రెండు రోజులు సభకు రాలేకపోయాను, కారణం ఇది.’ ఇంతే. దొరకలేదని, చేయలేకపోయానని చెప్పగలిగిన ఉత్తరాన్ని జనం నమ్ముతారు. ఆసుపత్రి నుంచి ఆటోలో నలభై కిలోమీటర్లు వెనక్కి పంపించిన గర్భిణి ఇంట్లోవాళ్లకు ఆ నాలుగు వాక్యాల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు.

జనం ఇవి అడగరు, పింఛను గురించీ పోలీస్ స్టేషన్‌కు ఫోన్ గురించీ అడుగుతారు అని సభ్యులు అంటారు. నిజమే. ఇన్నేళ్లుగా వాళ్లకు ఎమ్మెల్యే అంటే ఫోన్ చేసిపెట్టే మనిషిగానే పరిచయం. అయితే ఫోన్‌తో ఒక పింఛను వస్తుంది. అదే లోపం మీద సభలో ప్రశ్న పడితే నిబంధనే మారి వెయ్యి పింఛన్లు తిరిగి రావచ్చు. ఈ తేడా ఒక్కసారి కాగితం మీద కనబడితే అడిగే ప్రశ్నలూ మారతాయి.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఇంకొకటి: ఇది ప్రభుత్వ ఖర్చుతో చేసే పార్టీ ప్రచారంగా మారదా? మారే ప్రమాదం ఖాయంగా ఉంది. బ్రిటన్ 2007లో ఎంపీలకు ఓటర్లతో మాట్లాడుకోవడానికి ప్రత్యేక భత్యం పెట్టింది, సొంత డబ్బాకు వాడుతున్నారన్న విమర్శలు వచ్చాక 2010లో ఎత్తేసింది. అమెరికా ప్రతినిధుల సభ సభ్యులు ఎన్నికకు ముందు 60 రోజుల్లో ప్రభుత్వ ఖర్చుతో మూకుమ్మడి ఉత్తరాలు పంపడానికి వీల్లేదు. ప్రజాధనంతో పంపుతున్నామన్న సంగతి ఆ కాగితం మీదే ఉండాలి. మన సుప్రీంకోర్టు కూడా 2015లో ప్రభుత్వ ప్రకటనల్లో ఎవరి ఫొటోలు వేయవచ్చో గిరి గీసింది, 2016లో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల వరకు సడలించింది. ఎమ్మెల్యే ఉత్తరానికి ఇదే గిరి సరిపోతుంది: ఫొటో వద్దు, పార్టీ రంగు వద్దు, ఎన్నికలు దగ్గరపడితే రెండో వైపు ఖాళీ. మొదటి వైపు మాత్రం ఎప్పుడూ ఆగకూడదు. దాన్ని రాసేది ఎమ్మెల్యే పీఏ కాదు, సభ సచివాలయం కాబట్టి.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. తన నడవడికి నిబంధనలు తానే చేసుకునే అధికారం 208వ అధికరణం కింద సభకు ఉంది. సమాచార హక్కు చట్టం కింద శాసనసభకు స్పీకరే సమర్థ అధికారి. అదే చట్టం నాలుగో సెక్షన్ అడగకముందే సమాచారం బయటపెట్టాలని, స్థానిక భాషలో, ఖర్చు తక్కువలో, ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతిలో ప్రజలకు అందించాలని చెబుతోంది. నోటీసు బోర్డులు, పత్రికలతో పాటు బహిరంగ ప్రకటనలు కూడా ఆ పద్ధతుల్లో ఉన్నాయి. మన మాటలో చెప్పాలంటే చాటింపు. 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్‌లో 161 సేవలతో మన మిత్ర వాట్సాప్ వేదిక మొదలైంది. ధ్రువపత్రం ఫోన్లోకి వచ్చినప్పుడు, సొంత ఎమ్మెల్యే వేసిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు కూడా రావచ్చు. ఫోన్ లేనివారి కోసం రేషన్ దుకాణాలున్నాయి. రాష్ట్రంలో సుమారు 29 వేలు, అంటే నియోజకవర్గానికి నూట అరవైకి పైగా. బియ్యం తీసుకోవడానికి నెలకోసారి అందరూ వచ్చే చోటది, ధరల పట్టిక పక్కన ఒక కాగితానికి స్థలముంటుంది.

తేదీలు కూడా కుదిరే ఉన్నాయి. బడ్జెట్ సమావేశాలు మామూలుగా మార్చి నెలాఖరుకు ముగుస్తాయి. సచివాలయానికి రెండు వారాల గడువిచ్చినా ఏప్రిల్ మధ్యకల్లా షీటు అచ్చవుతుంది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీల్లో గ్రామసభ పెట్టే ఆనవాయితీ దేశంలో చాలాచోట్ల ఉంది. మే ఒకటిన పంచాయతీ కార్యదర్శి ఎజెండా చదవడానికి ముందు ఆ షీటు అందుకుని, హాజరైన రోజుల దగ్గర మొదలుపెట్టి కింది దాకా చదివి వినిపించడానికి పావుగంట పడుతుంది. ఆ తర్వాత మైకు ఎవరు అడిగితే వారికివ్వాలి.